బావిలో వేశానన్న గడియారం

ఆ రోజుల్లో మా ఎమ్మిగనూరులో పిల్లలు అన్నం తినకపోతే అమ్మలు దయ్యాన్ని పిలిచేవాళ్లు కారు, నేరుగా పోలీసునే పిలిచేవాళ్లు. (దయ్యానికైతే నిమ్మకాయ ఉంది. పోలీసుకు ఏముంది?) ఆ భయాన్ని ముద్దముద్దకూ మింగి పెరిగిన నేను, ఎనిమిదో తరగతిలో ఉండగా నిజం పోలీసు ముందే నిలబడాల్సి వచ్చింది.

ఆదోని నుంచి రోజూ బస్సులో వచ్చే మా పెద్దటీచరమ్మ చేతిగడియారం ఒక ఉదయం కనిపించలేదు. హాజరుపట్టీ పెట్టడానికి ఆమె గదిలోకి వెళ్లింది నేనొక్కదాన్నే. మధ్యాహ్నానికల్లా ఒక మీసాల హెడ్డు కానిస్టేబులు వచ్చి ఆమె కుర్చీలో కూర్చున్నాడు. నన్ను పిలిపించి తలుపు మూయించాడు. రెండు వీధుల అవతల మా నాయన మగ్గం గుంటలో కూర్చుని చీర నేస్తున్నాడు. ఆయనకు కబురు పెట్టాలని ఎవరికీ తోచలేదు. నాకు తోచింది గానీ నన్నెవరూ అడగలేదు.

"వాచీ యాడ పెట్టినావు?"

"నాకు తెల్దు సార్."

"నిజం సెప్పు పాపా. సెప్తే ఇప్పుడే ఇంటికి పంపిస్తా. లేదంటే స్టేషన్‌కు పోదాం పా."

ఇదే మాట ఎన్నిసార్లు అడిగాడో గానీ, గోడ మీది ఎండ కిటికీ దగ్గర్నుంచి బీరువా దాకా జరిగింది. ముందు నేను నిజంగా చేసిన నేరాలన్నీ ఒప్పుకున్నాను. పక్కింటి జామకాయలు కోసింది, లెక్కల పరీక్షలో చూసి రాసింది, మా అవ్వ నశ్యంలో మిరప్పొడి కలిపింది. ఆయన ఒక్కటీ రాసుకోలేదు. చివరికి ఇంటికి పోతే చాలనిపించి, "తీసినాను సార్" అన్నాను. ఎంత హాయిగా అనిపించిందో! సంచీ తీసుకుని గుమ్మం దాకా నడిచాను కూడా.

"యాడికి? వాచీ యాడుందో సెప్పి పో."

అంత దూరం నేను ఆలోచించలేదు. కిటికీలోంచి బడి బావి కనిపించింది. "బావిలో ఏసినాను సార్."

ఇద్దరు మనుషులు బావిలో గాలాలు వేశారు. రెండు బొక్కెనలు, ఒక చెప్పు, పోయిందనుకున్న బడి గంట పైకొచ్చాయి. ఊరు సగం చేరింది. ఆ గుంపును తోసుకుంటూ నాయన వచ్చాడు, తలనిండా నూలుపోగులతో.

"తీసినావా?"

"లేదు నాయనా."

"మరి తీసినానని యాల సెప్పినావు?"

"సెప్తే ఇంటికి పంపిస్తామన్న్యారు."

నాయన హెడ్డు వైపు తిరిగి చేతులు జోడించాడు. "సిన్నపిల్ల సార్. నన్నన్నా పిలిచింటే..."

"నువ్వొచ్చి ఏం సేస్తావప్పా? ఒప్పుకున్నాది గదా."

మరునాడు గడియారం ఆదోనిలో, పెద్దటీచరమ్మ ఇంట్లోనే, స్నానాలగది గూట్లో దొరికింది. ఆమె నాకొక కొత్త పెన్సిలు పంపింది. హెడ్డు మళ్లీ రాలేదు. వీధిలో మాత్రం నా పేరు 'వాచీ పాప' అయిపోయింది. "ఊరి నోరు సల్లబడేదాంక నాలుగు రోజులు ఇంటికాడుండు పాపా" అన్నాడు నాయన, నా మొహం చూడకుండా. ఇంట్లో ఉన్నాను గనక నూలు కండెలు చుట్టడం నేర్చుకున్నాను. ఆ తర్వాత మగ్గం, ఆ తర్వాత పెళ్లి.

ఇది రాస్తుంటే పక్కన కూర్చుని అక్షరాల తప్పులు దిద్దుతున్న మనవరాలు అడిగింది, "అవ్వా, నువ్వు మళ్లా బడికి యాల పోలేదు?"

"నాలుగు రోజులు సెలవు పెట్టినానమ్మా. ఇంకా అయిపోలేదు" అన్నాను.

అది పకపకా నవ్వింది. దాన్ని చూసి నేనూ నవ్వాను.