పొగమంచులో ఆగిన ఫైనల్

2023 మార్చి నెలాఖరు. కెనడాలో, ఒంటారియోలోని లండన్ నగరానికి గంట డ్రైవ్ దూరంలో ఉన్న ఒక చిన్న ఊరు. ఆ ఊరి కాలేజీకి సొంత ఐస్ రింక్ ఉంది. అందులో నేను ప్లాంట్ ఆపరేటర్‌ని. అంటే హాకీ ఆడే ఆ మంచు నేలను తయారుచేసి, కరగకుండా, పగలకుండా కాపాడేవాణ్ణి.

"గుంటూరువాడికి మంచుతో పనేంటి?" అని మనవాళ్లు నవ్వుతారు. నిజానికి నాకు ఈ పని నేర్పింది గుంటూరే. ఇంటర్ తర్వాత చదువు సాగక అక్కడ మిర్చి కోల్డ్ స్టోరేజీలో చేరాను. అమ్మోనియా కంప్రెసర్ల మోతలో చాలా ఏళ్లు గడిచాయి. మా ఆవిడ నర్సు. ఆమెకు పీఆర్, అంటే ఇక్కడ స్థిరపడే అనుమతి, వస్తే ఆమె వెంట నేనూ వచ్చాను. ఇక్కడ మొదటిసారి రింక్ మెషిన్ రూమ్‌లోకి అడుగుపెట్టినప్పుడు అదే మోత, ముక్కుకు తెలిసిన అదే ఘాటు. చుట్టాలింటికి వచ్చినట్టు అనిపించింది.

మిర్చి గదికీ మంచు నేలకీ తేడా ఏమిటో ఊరి లైబ్రరీ నేర్పింది. సెలవు రోజున నేను వెళ్లే చోటు అదొక్కటే. రిఫ్రిజిరేషన్ పుస్తకాలతో మొదలుపెట్టి, మంచు రసాయనం, రింకుల నిర్మాణం, హాకీ చరిత్ర దాకా, నిఘంటువు పక్కన పెట్టుకుని ఒక్కొక్కటీ చదివాను. అక్కడ లేని పుస్తకాన్ని లైబ్రేరియన్ వేరే ఊళ్ల నుంచి తెప్పించేది. ఆపరేటర్ పరీక్ష అలాగే పాసయ్యాను. ఆ సంగతి చెప్పుకోవడం నాకిప్పటికీ ఇష్టమే.

రింక్ సంగతి క్లుప్తంగా చెబుతాను. కాంక్రీటు నేల కింద గొట్టాలుంటాయి. వాటిలో బ్రైన్, అంటే గడ్డకట్టని ఉప్పునీరు, అతి చల్లగా తిరుగుతూ ఉంటుంది. నేల మీద పలచగా నీళ్లు పోసి పొరమీద పొరగా గడ్డకట్టిస్తాం. పొర మందమైతే కింది చల్లదనం పైకి అందదు, మంచు మెత్తబడుతుంది. పలచనైతే స్కేట్లకు కాంక్రీటు తగులుతుంది. గోడలు, దీపాలు, గాలి, మనుషులు కలిసి మంచు మీద మోపే వేడిని మా భాషలో లోడ్ అంటాం. ఒక్కో మనిషీ ఒక చిన్న హీటర్.

నేను చేరిన కొత్తలో ఈ మనుషుల లోడ్ ఉండేదే కాదు. కాలేజీ పురుషుల జట్టు ఆడుతుంటే ఆటగాళ్ల అమ్మానాన్నలు కాఫీ కప్పులు పట్టుకుని నాలుగు బెంచీల మీద కూర్చునేవాళ్లు. ఆ తర్వాత విదేశీ విద్యార్థులు రావడం మొదలైంది. 2022 సెప్టెంబరుకి ఊరి బస్టాపుల్లో పంజాబీ, గుజరాతీ, తెలుగు, మలయాళం వినిపించేవి. ఇరుకు బేస్‌మెంట్లలో నలుగురైదుగురు కలిసి ఉండే పిల్లలకి శుక్రవారం సాయంత్రం పోవడానికి చోటు లేదు. స్టూడెంట్ కార్డు చూపిస్తే హాకీ మ్యాచ్ ఉచితం. మొదట వాళ్లు వెచ్చని హాట్ చాక్లెట్ కోసం వచ్చారు. తర్వాత ఆట కోసం వచ్చారు.

వాళ్లలో ఖమ్మం నుంచి వచ్చిన హారిక ఒకర్తి. సప్లై చైన్ కోర్సు చదివేది. మా రింక్ క్యాంటీన్‌లో పార్ట్ టైమ్ చేసేది. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటని అడిగితే పుస్తకంలో చదివింది చదివినట్టు చెప్పాను. ఆమె వినేసి, వెనక్కి తిరిగి తన స్నేహితులకి ఇలా చెప్పింది: "ఏం లేదే, పక్ కన్నా ముందు నువ్వు ఆ నీలం గీత దాటొద్దు. పెండ్లికొడుకు రాకముందే బంతిలో కూర్చున్నట్టు అన్నమాట." నా వివరణ కన్నా అదే అందరికీ ఎక్కింది. పక్ అంటే వాళ్లు కొట్టే నల్ల రబ్బరు బిళ్ల.

ఆ ఏడాది జట్టు గెలుస్తూ పోయింది. కెప్టెన్ కోల్, కరెంటు లైన్ల కోర్సులో చివరి ఏడాది కుర్రాడు. ఎదుటివాడు గుద్ది గోడకేసి కొడితే లేచి, హెల్మెట్ సర్దుకుని, నవ్వేవాడు. స్టాండ్స్‌లో పంజాబీ పిల్లల డోలు మోగితే జట్టు మరో గేరులోకి వెళ్లేది. ప్లేఆఫ్‌లు, అంటే ఓడితే ఇంటికే అనే మ్యాచ్‌లు, మొదలయ్యాక ఎవరూ గడ్డం తీయలేదు. ఓడేదాకా గీయకూడదని ఇక్కడి ఆటగాళ్ల నియమం.

"అంకుల్, వీళ్లంతా మాల వేసుకున్నారా ఏంది?" అంది హారిక.

"ఆ, కప్పు ఇరుముడి," అన్నాను.

లీగ్‌లో మొదటి స్థానం దక్కింది కాబట్టి ఫైనల్ మా రింకులోనే. ఒకటే మ్యాచ్. ప్రత్యర్థులు ఉత్తరాన గనుల ఊరి నుంచి వచ్చిన జట్టు. నియమం ఒకటుంది. మా రింక్ ఆటకు పనికిరాదని రిఫరీ తేలిస్తే, మర్నాడు మ్యాచ్ వాళ్ల రింకులో మళ్లీ మొదటినుంచి ఆడాలి. ఏడాదంతా చెమటోడ్చి సంపాదించుకున్న సొంత గడ్డ చేజారుతుంది. కోల్‌కి ఇంకో ఏడాది లేదు.

నేను ముందురోజే మంచును గీసి పలచన చేశాను. ఫైనల్ రోజు పొద్దున్నుంచే బ్రైన్ మరింత చల్లబరిచాను. జనం ఎంతమంది వస్తారో ఊహించి, లైబ్రరీ పుస్తకంలోని లెక్క ప్రకారం లోడ్ వేసుకున్నాను. ఒక్కటి మాత్రం నా చేతిలో లేదు. ఆ రోజు చలి విరిగింది. పొద్దుటి నుంచి వెచ్చని వాన.

మూడు పీరియడ్ల ఆటలో మొదటి రెండూ బాగానే గడిచాయి. చెరో రెండు గోల్స్. స్టాండ్స్ కిటకిటలాడుతున్నాయి. మెట్ల మీద కూడా పిల్లలే. మూడో పీరియడ్ మొదలైన కాసేపటికి మెషిన్ రూమ్ కిటికీలోంచి చూశాను. ఆటగాళ్ల మోకాళ్లు కనిపించడం లేదు. చూస్తుండగానే నడుములు మాయమయ్యాయి. మంచు మీద తెల్లటి పొగ పరుచుకుంటోంది. మా గోల్‌కీపర్ చేయెత్తి ఊపాడు, పక్ కనబడటం లేదని. రిఫరీ విజిల్ ఊదాడు.

ఆ పొగ నాకు తెలుసు. ఎండాకాలం మధ్యాహ్నం మిర్చి స్టోరేజీ తలుపు తీస్తే కాళ్ల దగ్గర పాకేది అదే. తేమగాలి చల్లటి చోటుకి వచ్చి, డ్యూ పాయింట్ కన్నా చల్లబడితే, అంటే ఇక నీటి ఆవిరిని మోయలేని స్థితికి వస్తే, పొగమంచు అవుతుంది. అంటే ఎక్కడో తలుపు తెరిచి ఉంది. పరిగెత్తాను.

తూర్పు ద్వారం దగ్గర హారిక నిలబడి ఉంది. భుజంతో తలుపు ఆనించి, వానలో తడుస్తూ వస్తున్నవాళ్లకి దారి ఇస్తోంది. ప్రతివాడూ ఆమెకి థాంక్యూ చెబుతున్నాడు. ఆమె ప్రతివాడికీ చిరునవ్వు నవ్వుతోంది.

"ఏమ్మా, తలుపు ఎందుకు పట్టుకున్నావ్?"

"వెనక మనుషులొస్తుంటే పట్టుకోవాలంట కదా అంకుల్. ఓరియెంటేషన్‌లో చెప్పిన్రు. ఇక్కడ వదిలేస్తే రూడ్ అంట."

"వెనక ఎంతమంది ఉన్నారు?"

ఆమె బయటికి చూసింది. పనులు ముగించుకుని అప్పుడే బస్సు దిగిన పిల్లల వరస పార్కింగ్ చివరి దాకా ఉంది. "అవ్... అయితనే లేదు అంకుల్. అందుకే సెకండ్ పీరియడ్ సంది ఇట్లనే నిలబడ్డ."

పడమటి ద్వారం దగ్గర ఒక పంజాబీ కుర్రాడు ఇదే మర్యాద పాటిస్తున్నాడు. కొత్త దేశంలో మొదట నేర్చుకున్న పద్ధతిని అంత శ్రద్ధగా పాటిస్తున్న పిల్లల్ని ఏమనగలం? సంగతి చెప్పాను. హారిక మొహం పాలిపోయింది. మరుక్షణం బయటి వరసకు చేతులు అడ్డం పెట్టి, తెలుగు, హిందీ, ఇంగ్లీషు కలిపి అరిచింది. బయటి తలుపుకీ లోపలి తలుపుకీ మధ్య చిన్న గది ఉంది. అందులో పట్టినంతమందిని నింపి, బయటి తలుపు మూశాకే లోపలిది తెరవడం మొదలుపెట్టింది. పడమటి కుర్రాడికి ఫోన్ చేసి అదే పని చేయించింది.

తలుపులు మూసుకున్నాయి. డీహ్యూమిడిఫయర్, అంటే గాలిలో తేమ పీల్చే యంత్రం, పూర్తి వేగంతో తిప్పాను. కానీ లోపలికి వచ్చేసిన పొగ నేలను అంటిపెట్టుకుని కదలటం లేదు. మా ఫ్యాన్లు పైకప్పు దగ్గరున్నాయి. వాటి గాలి కిందికి రాదు.

రిఫరీ తలనెరిసిన మనిషి. ఒక గోల్ దగ్గర నిలబడి రెండో గోల్ వైపు చూశాడు. ఇంగ్లీషులో ఆయన అన్నది నాకు గుర్తున్నంత వరకు ఇది: "ఇక్కణ్ణించి ఆ గోల్‌పోస్ట్ కనబడితే ఆడిస్తాను. కాసేపు చూస్తాను. లేదంటే రేపు వాళ్ల ఊళ్లో."

రింక్ మేనేజర్ లిండా నా వైపు తిరిగింది. "ఇంకేం దారి లేదా, రావ్?"

"గాలిని కిందినుంచి కదపాలి. పాత రింకుల్లో ఆటగాళ్లే గుండ్రంగా స్కేటింగ్ చేసి పొగ లేపేవాళ్లని చదివాను."

రిఫరీ తలూపాడు. "మా నాన్న చెప్పేవాడు. చేసి చూడండి."

ఆయన మాట పూర్తికాకుండానే కోల్ జట్టును తీసుకుని బయల్దేరాడు. గోడ వెంబడి ఒకే దిక్కున, ఒకరి వెనక ఒకరు, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి తిరిగారు. అంచుల్లో పొగ చిరిగింది. కానీ ఈ కొసకు వచ్చేసరికి ఆ కొసన మళ్లీ కమ్ముకుంటోంది. నడిమధ్య తెల్లటి దిమ్మలా అలాగే కూర్చుంది. ఒక జట్టు మనుషులు చాలరని చూస్తేనే తెలుస్తోంది. తిరిగి తిరిగి మావాళ్ల వేగం తగ్గింది.

అవతలి జట్టు బెంచీ మీద కూర్చుని ఉంది. కూర్చోవడంలో తప్పేమీ లేదు. ఇంకాసేపు అలా కూర్చుంటే చాలు, ఫైనల్ వాళ్ల ఇంటికి నడిచి వస్తుంది. వాళ్ల కోచ్ చేతులు కట్టుకుని పైకప్పు చూస్తున్నాడు.

వాళ్ల కెప్టెన్ పేరు లూక్. ఎర్ర గడ్డం, పొడుగు మనిషి. అంతసేపూ మావాళ్లనే చూస్తున్నవాడు ఉన్నట్టుండి లేచి, అడ్డగోడ మీదినుంచి మంచు మీదికి దూకాడు.

"లూక్! కూర్చో. మనకేం పని?" అన్నాడు కోచ్.

"కూర్చుంటే కాళ్లు చల్లబడుతున్నాయి కోచ్," అన్నాడు లూక్, వెనక్కి చూడకుండా.

అలాగే వెళ్లి కోల్ పక్కన చేరాడు. కోల్ రొప్పుతూనే, "చాలా పెందలాడే వచ్చావే," అన్నాడు.

"నీ స్కేటింగ్ చూసి జాలేసింది. అదేనా నీ స్పీడు?"

ఒకడి తర్వాత ఒకడు వాళ్ల జట్టంతా దూకింది. చివరికి బరువైన ప్యాడ్లు కట్టుకున్న ఇద్దరు గోల్‌కీపర్లు కూడా చేరారు. ఎరుపు, తెలుపు జెర్సీలు కలిసిపోయాయి. రెండు జట్లూ ఒకే దిక్కున, ఒకే పెద్ద చుట్టుగా తిరుగుతున్నాయి. స్టాండ్స్‌లో ముందు ఎవరికీ అర్థం కాలేదు. డోలు ఆగింది. వందల మంది ఉన్న ఆ హాల్లో స్కేట్లు మంచును కోసే చప్పుడొక్కటే వినబడింది. ఆ చప్పుడు అన్నేళ్లుగా వింటున్నాను కానీ అంత నిండుగా ఎప్పుడూ వినలేదు. గుడి చుట్టూ ప్రదక్షిణ చేసేవాళ్ల మధ్య మనవాళ్లు, పరాయివాళ్లు అని ఉండదు. నాకు అప్పుడు తోచింది అదే.

తర్వాత ఎవరో మెల్లగా చప్పట్లు మొదలుపెట్టారు. స్కేట్ల లయకి సరిపోయేలా అందరూ అందుకున్నారు. నడిమధ్య దిమ్మ కదిలింది. సుడి తిరిగింది. దారాలు దారాలుగా విడిపోయి పైకి లేచింది. అక్కడ ఫ్యాన్లకు చిక్కింది. నేను ఎన్నో పుస్తకాల్లో గాలి ప్రవాహం బొమ్మలు చూశాను. అవి బాణం గుర్తులు. ఇది కళ్లెదుట, మనుషుల కాళ్ల బలంతో జరిగింది.

రిఫరీ గోల్ దగ్గర నిలబడి కళ్లు చిట్లించాడు. చేయెత్తాడు. హాలు ఊగిపోయింది.

మంచు మీద తేమ నూగులా గడ్డకట్టి ఉంది. లిండా నీళ్లు పోసి నునుపు చేద్దామంది. మామూలుగా అదే చేస్తాం, వేడినీళ్లతో. "వద్దు, మళ్లీ ఆవిరి లేస్తుంది. పొడిగా గీసేస్తాను," అన్నాను. దాన్ని డ్రై కట్ అంటారు. మంచు నునుపు చేసే బండి ఎక్కి, నీటి ట్యాంక్ కట్టేసి, బ్లేడు ఒక్కటే దించి రింకంతా తిరిగాను. ఆట మొదలైంది.

చివరి నిమిషాల్లో మా కుర్రాడు కొట్టిన పక్ ఎవరి స్కేటుకో తగిలి దారి మళ్లి లోపలికి పోయింది. మూడు, రెండు. కప్పు మాది. పిల్లలు ఏడ్చారు, ఎగిరారు. ఐస్ హాకీ అంటే ఏమిటో ఆర్నెల్ల క్రితం తెలియని పిల్లలు. హారిక తడిసిన జాకెట్‌తోనే స్టాండ్స్‌లోని డోలు లాక్కుని వాయించింది.

సంబరం నడుస్తుండగా రెండు జట్లూ వరసల్లో ఎదురెదురుగా వచ్చి చేతులు కలిపాయి. ఇక్కడ ప్రతి ఫైనల్ తర్వాత అలాగే చేస్తారు. లూక్, కోల్ ఒకరి నుదుటికి ఒకరు నుదురు ఆన్చి చాలాసేపు ఏదో మాట్లాడుకున్నారు.

వాళ్ల జట్టు బస్సు వైపు వెళ్లే దారి మా మెషిన్ రూమ్ ముందు నుంచే. లూక్ చివర్న, సంచి భుజాన వేసుకుని వస్తున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. అడగకూడదేమో అనుకుంటూనే అడిగేశాను: "నువ్వు దిగకపోయుంటే రేపు మీ రింకులో ఆడేవాళ్లు కదా. ఎందుకు దిగావు?"

"నాకూ ఇదే చివరి ఏడాది. రేపు మా ఊళ్లో గెలిచి ఉంటే, ఎవరు ఆ కప్పు గురించి అడిగినా ముందు ఈ పొగ గురించి చెప్పాల్సి వచ్చేది. జీవితాంతం." సంచి సర్దుకున్నాడు. నాలుగడుగులు వేసి ఆగాడు. "ఐస్ మంచిదే చేశావు. మా బెంచీ వైపు మూల ఒక్కటి మెత్తగా ఉంది, రెండో పీరియడ్ నుంచీ. చూసుకో."

వెళ్లి చూశాను. నిజమే. తూర్పు తలుపు గాలి తిన్నగా తగిలిన మూల అది. మావాళ్లెవరూ చెప్పలేదు. వాళ్లకి ఆ మూలతో అంతగా పని పడలేదు. ప్రతి విరామంలో నేను కోల్‌ని అడిగేవాణ్ణి, ఐస్ ఎలా ఉందని. అవతలివాళ్లని ఆ మాట ఎన్నడూ అడగలేదు. ఏ పుస్తకంలోనూ అడగమని లేదు. జీతమిచ్చే కాలేజీ జట్టే మనది అనుకున్నాను. మంచు మాత్రం రెండు జట్ల కాళ్ల కిందా ఒకటే.

ఇప్పుడు ఏ మ్యాచ్‌కైనా వార్మప్ కాగానే ముందు అవతలి జట్టు గది తలుపు తడతాను. కొందరు కోచ్‌లు అనుమానంగా చూస్తారు, తమ రహస్యాలు వినడానికి వచ్చాననుకుని. "ఐస్ ఎలా ఉంది?" అని అడుగుతాను. ఆటగాళ్లలో ఎవరో ఒకరు తలెత్తి, ఫలానా చోట ఇలా ఉందని చెబుతారు. బండి మొదట ఆ చోటికే తిప్పుతాను.