అవ్వ గుర్తుపట్టిన డాక్టరమ్మ

నిన్న మధ్యాహ్నం బదిలీ ఉత్తర్వు ఫోన్‌లోకి వచ్చింది. ఈ ఉద్యోగంలో ఇది ఆరోది. మావారు వెంటనే అటక మీది అట్టపెట్టెలు దించారు. ఆయనకు వంట రాకపోయినా సామాను కట్టడం మాత్రం బాగా వచ్చు. ఆ దుమ్ముకు తుమ్ముతూ కూర్చుంటే నా మొదటి దవాఖానకొచ్చే గొర్లకాపరి అవ్వ గుర్తుకొచ్చింది.

తెలంగాణ వచ్చిన కొత్తలో నన్ను కేతేపల్లికి అవతల ఒక చిన్న ఊరి ఆరోగ్య కేంద్రంలో వేశారు. డాక్టరు లేక ఆ కుర్చీ రెండేళ్లుగా ఖాళీ. చేరిన రోజే, ఎండ నిలువునా కాస్తుండగా, మడమ మీద చీముపట్టిన పుండుతో అవ్వ వచ్చింది. కొత్తన్నది లేకుండా, "వచ్చినవా బిడ్డా? గిన్ని దినాలు యాడికి పోయినవ్?" అంది. నేను నవ్వి పెన్సిలిన్ సూది తీశాను. అవ్వ నా మణికట్టు పట్టుకుంది. "వద్దు. పోయినపారి గీ సూదే ఏస్తివి. పానం పోయొచ్చింది. నువ్వే ఏడ్సినవ్ గద!"

నేను ఆ ఊరు చూడడం అదే మొదలు. "ఆమెకు యాది సక్కగుండదు మేడం" అని నర్సమ్మ కొట్టిపారేసింది. అయినా మనసొప్పక, పరీక్షకని చర్మం కింద ఒక్క చుక్క మాత్రం ఎక్కించాను. ఐదు నిమిషాల్లో ఒళ్లంతా దద్దుర్లు, వాచిన పెదవులు, ఊపిరిలో పిల్లికూతలు. విరుగుడు సూదులిచ్చి గంటసేపు పెనుగులాడితే అవ్వ కళ్లు తెరిచింది. చెయ్యి చాపి నా చెంప తుడిచింది. నేను ఏడుస్తున్నానని నాకప్పుడే తెలిసింది.

సాయంత్రం నర్సమ్మ నెమ్మదిగా చెప్పింది. నాకు ముందు అక్కడొక డాక్టరమ్మ ఉండేదట. మహబూబ్‌నగర్‌కు బదిలీ అయి, సామాను బండిలో పోతూ, చిట్యాల దాటాక లారీ గుద్ది చనిపోయిందట. "జర మీ లెక్కనే ఉండేది మేడం. గా ముచ్చట అవ్వకు ఎవ్వలం చెప్పలే."

నేనూ చెప్పలేదు. వచ్చినప్పుడల్లా అవ్వ "నీ బిడ్డ మంచిగున్నదా?" అని అడిగేది. నాకప్పటికి పిల్లలు లేరు. మొదట్లో తల ఊపి ఊరుకునేదాన్ని. పోనుపోను, బడికి పోతోందని, పాలపళ్లు ఊడాయని చెప్పసాగాను. ఒకరోజు ఇంటికొచ్చి, ఆ పిల్ల ఏదని గదులన్నీ వెతికాను. ఈ సంగతి మావారికి ఇప్పటికీ తెలియదు.

మూడేళ్లకు నాకూ బదిలీ అయింది, మహబూబ్‌నగర్‌కే. బండి కదలబోతుంటే అవ్వ వచ్చి కిటికీ పట్టుకుంది.

"మల్ల గా చిట్యాల తొవ్వనే పోతున్నవా బిడ్డా?"

ఆమె కళ్లలో మతిమరుపు జాడ లేదు.

"లేదవ్వా, దేవరకొండ మీదుగా పోతా."

"గట్లైతే పో" అని చెయ్యి తీసింది.

డ్రైవరు సణుగుతూ బండి తిప్పాడు. మర్నాడు పేపరంతా వెతికాను. చిట్యాల దగ్గర ఏమీ జరగలేదు.

ఆ డాక్టరమ్మకు ముప్పై నాలుగు నిండలేదట. నేను ఆ వయసు దాటి చాలా ఏళ్లయింది. ఈ ఏళ్లన్నీ నావేనా, ఆమెకు చేరవలసినవి దారి తప్పి నా ఇంటికొచ్చాయా అన్నది ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.