డాబా మీద ఏరియల్ పట్టుకున్నవాడు

మా నాన్న టీవీ మెకానిక్. వీధిలో అందరూ ఆయన్ని "ఏరియల్" అంటారు. ఇళ్ళ మీద ఏరియళ్ళు బిగిస్తాడు కాబట్టి ఆ పేరొచ్చిందని జనం అనుకుంటారు. అదేం కాదు. ఆ పేరు పెట్టింది ఇంట్లోవాళ్ళే, ఆయనకు తొమ్మిదేళ్ళప్పుడు.

చంద్రుడి మీద మొదటిసారి మనిషి దిగిన బొమ్మలు టీవీలో వేసిన రోజది. అప్పుడు మావాళ్ళు ఢిల్లీలో ఉండేవాళ్ళు, మన దేశంలో టీవీ వచ్చేది అక్కడొక్కచోటే. తాతయ్య ఆఫీసులో ఎవరినో బతిమాలి ఒక్కరోజుకి టీవీ తెచ్చాడు. డాబా మీద ఏరియల్ కర్ర గాలికి ఊగిపోతుంటే బొమ్మ నిలవలేదు. మా నాన్నను పైకెక్కించి, కదలకుండా పట్టుకోమన్నారు. కింద ముందు గది నిండా జనం. పైన మబ్బు, తుంపర. కింద కూర్చున్నవాళ్ళకి చంద్రుడు టీవీలోనైనా కనిపించాడు, మా నాన్నకు ఆకాశంలో కూడా కనిపించలేదు. "దిగొచ్చేయనా?" అని ఆయన పైనుంచి అరిచినప్పుడల్లా పెదనాన్న మెట్ల దాకా వచ్చి "ఇంకాసేపురా" అని వెళ్ళిపోయేవాడు. అంతా అయిపోయి, జనం చెప్పులేసుకుంటుంటే గానీ పైనున్న పిల్లాణ్ణి దిగమని ఎవరూ అనలేదు.

ఈ కథ వింటూనే నేను పెరిగాను. చివర్లో నాన్న మాట ఒకటి తప్పకుండా ఉండేది. "అమ్మ నన్ను పిలవమనే ఉంటుంది. వాడే వద్దని ఉంటాడు." వాడంటే పెదనాన్న. ఆయన మీద నాన్నకు అంత కసి. పెదనాన్న ఇంజనీరయ్యాడు. మా నాన్న పదో తరగతితో ఆగిపోయి, ఊళ్ళోవాళ్ళ ఇళ్ళ మీదికెక్కి వాళ్ళకి బొమ్మ తెప్పిస్తూ బతికాడు. డిష్షులొచ్చాయి, కేబుల్ వచ్చింది, ఆయన మోకాళ్ళు అరిగాయి. పైనుంచి "వచ్చిందా?" అని ఆయన అరుపు, కిందనుంచి "వచ్చింది, కదపకు!" అని ఎవరిదో జవాబు. ఇన్నేళ్ళూ ఇంతే.

మొన్న ఆదివారం పెదనాన్న మమ్మల్ని భోజనానికి పిలిచాడు. చంద్రుడి మీద మనిషి దిగినప్పటి జ్ఞాపకాలు రాయమని ఏదో పేపరు అడిగితే ఆయన రాసి పంపాడట, ఫోటోతో సహా పడింది. అందరం తింటుండగా నిలబడి పైకి చదవడం మొదలుపెట్టాడు.

"మా అమ్మ ముందు వరసలో కూర్చుంది. మా తమ్ముడు నా ఒళ్ళో కూర్చుని చప్పట్లు కొట్టాడు..."

నాన్న చెయ్యి కంచంలో ఆగిపోయింది.

"నీ ఒళ్ళో ఎవడు కూర్చున్నాడు?"

"ఏదో రాశాన్లేరా, చదవడానికి బాగుంటుందని."

"బాగుంటుందా? నేను పైన తడుస్తుంటే కింద కులాసాగా చూసి, ఇప్పుడు తొమ్మిదేళ్ళవాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకున్నావా? పేపరువాళ్ళకి చెప్పి మార్పించు. డాబా మీదున్నాడని వేయించు."

"ఇన్నేళ్ళ తర్వాత ఇప్పుడా గొడవెందుకయ్యా?" అంది పెద్దమ్మ.

నాకు మాత్రం లోలోపల సంబరంగానే ఉంది. ఆ ముక్క ఒక్కసారైనా అందరి ముందూ తేలాలని నేనూ ఎదురుచూశాను.

"అమ్మనే అడుగుదాం" అన్నాడు నాన్న. "చెప్పమ్మా, నన్ను కిందికి పిలవమని నువ్వంటే వీడు వద్దన్నాడా లేదా?"

"అమ్మనెందుకు లాగుతావు? నాదే తప్పు, సరేనా? మార్పిస్తాను" అన్నాడు పెదనాన్న కంగారుగా. చచ్చినా తప్పొప్పుకోని మనిషి అంత తొందరగా ఒప్పుకోవడం నాకు వింతగా తోచింది.

నానమ్మ మూలనున్న కుర్చీలో కూర్చుని మెత్తగా కలిపిన అన్నం తింటోంది. ఇంత వయసు మీద పడినా మతిమరుపు లేదు. లేకపోవడమే మా ఖర్మ.

"వాణ్ణంటావేంట్రా? తమ్ముణ్ణి పిలుస్తా, నేనెళ్ళి పట్టుకుంటా అని వాడు లేస్తూనే ఉన్నాడు. నేనే వద్దన్నాను. ఇంకాసేపు పట్టుకోమని చెప్పి రమ్మన్నదీ నేనే. వాడు చదువుకునేవాడు, చూస్తే రేపు పనికొస్తుంది. నువ్వు చూస్తే ఎంత, చూడకపోతే ఎంత అనుకున్నాను."

మంచినీళ్ళు ఇటివ్వమన్నంత మామూలుగా చెప్పింది. చెప్పి, ఇంకో ముద్ద నోట్లో పెట్టుకుంది.

పెదనాన్న ఇన్నాళ్ళూ ఏం దాస్తున్నాడో అప్పుడర్థమైంది నాకు. తొమ్మిదేళ్ళకే ఒక పిల్లాడు దేనికీ పనికిరాడని కన్నతల్లే తేల్చేసిందా? నానమ్మను నేను క్షమించలేదు. క్షమించాలనీ లేదు.

నాన్న చేతికంటిన మెతుకులు ఎండిపోతున్నా అలాగే కూర్చున్నాడు. పెదనాన్న వచ్చి పక్కన కూర్చుని, పేపరు మడతపెడుతూ మెల్లగా అన్నాడు.

"రేపే ఫోన్ చేస్తాన్రా. డాబా మీదున్నాడనే వేయమంటాను."

"వద్దు" అన్నాడు నాన్న. "నీ ఒళ్ళోనే ఉన్నానని ఉండనీ అన్నయ్యా."