తేరు కదలక ముందు

మా అన్న కూతురు కోమలవల్లికి ఓర్పు తక్కువ, మొండితనం ఎక్కువ. ఆ రెండోది తమిళుల నడుమ కారమడై ఊళ్లో ఉన్న మా తెలుగింటి సొత్తు, నాకూ ఉంది.

మదురైలో పీహెచ్‌డీ చేస్తోంది. పని పరమాణు కేంద్రకాల మీద. కేంద్రకాన్ని ఒక్క తాపు తంతే లోపలి ప్రోటాన్లు, న్యూట్రాన్లు అన్నీ ఒక్కటై ఊగుతాయట. ఆ ఊపు బలమెంతో లెక్క కట్టాలి. ఈమెకు వచ్చిన బలం ప్రయోగశాలలో కొలిచినదాంట్లో సగం కూడా లేదు. మా ఊరి తేరు పండగ జరిగే మాసి నెల దాటగానే కమిటీ ముందు నిలబడాలి. అప్పటికీ కుదరకపోతే ఈ విషయం వదిలేసి వేరేది మొదలుపెట్టమని గైడు తేల్చి చెప్పేశాడు. ఇన్నేళ్ల కష్టం గంగలో కలిసినట్టే.

అలాంటి సమయంలో, ముఖం గంటు పెట్టుకుని, రంగనాథర్ తేరుకు ఊరొచ్చింది.

“ఏమి కన్నూ, తేరు తాడు పట్టుకోని కూడా లెక్కలేనా?” అన్నాను.

తాడునే చూస్తోంది. చక్రాల కింద అడ్డుకట్టెలు ఇంకా తీయలేదు, తేరు అంగుళం జరగలేదు. అయినా తాడు పట్టుకున్న జనం ఊరికే నిలబడతారా? ఇద్దరిద్దరుగా ముందుకు వంగడం, వెనక్కి రావడం, మళ్లీ వంగడం. అడ్డుకట్టెలు తీశారు. ఒక్క “గోవిందా!”తో తేరు కదిలింది.

కోమలవల్లి తాడు వదిలేసింది! తేరు నిలకు, అంటే తన చోటికి, తిరిగి చేరేదాకా మా ఇంట్లో ఎవరూ తాడు వదలరు. నాకు ఒళ్లు మండింది.

“అత్తా, తప్పు దొరికె! తన్నక ముందు అన్నీ కదలకుండా కూర్చోని ఉంటాయని లెక్క వేస్తిని. ఇల్లే, కాదత్తా! ఊరకే ఉన్నప్పుడే జతజతలుగా పైకి లేచి దిగతా ఉంటాయి. చిన్నవే కదాని వాటిని విడిచిపెడితిని.”

“సరి, ముందు తాడు పట్టు.”

పట్టింది. “తేరు నిలకొచ్చె!” అని ఊరంతా కేకేసేదాకా లాగి, ఆ తర్వాతే మదురై బస్సెక్కింది.

కమిటీ రోజు నేనూ వెళ్లాను. మదురై మాట్టుతావణి బస్టాండులో దిగి, ఆటో పట్టుకుని, కమిటీ కూర్చున్న హాలు తలుపు దగ్గర నిలబడ్డాను. లోపల ఒక పెద్దాయన గద్దిస్తున్నాడు, ప్రయోగానికి సరిపోయేలా ఎక్కడో అంకె సర్దావు కదా అని. కోమలవల్లి తడుముకోలేదు. ఏ అంకెనూ సర్దలేదంది. కేంద్రకం విశ్రాంతిగా ఉన్నప్పటి ఆ జతల కదలికను కలిపితే బలం తనంతట తానే పెరిగిందని, పక్క కేంద్రకాలకూ అదే లెక్క సరిపోయిందని తెర మీద చూపించింది.

ఆ పెద్దాయనే ముందుగా చప్పట్లు కొట్టాడు.

తలుపు తోసుకుని పరుగెత్తుకొచ్చింది. అంతమంది తమిళుల మధ్య, మన తెలుగులో, గొంతు చించుకుని అరిచింది.

“అత్తా! తేరు నిలకొచ్చె!”

అందరూ తిరిగి చూశారు. చూస్తే చూడనీ అనుకుని నేను అంతకంటే గట్టిగా “గోవిందా!” అన్నాను.