అమ్మ సాక్ష్యం చెప్పిన ఆదివారం

నాకు రంగులు బాగా తెలుసు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మ్యాచింగ్ సెంటర్‌లో పదహారేళ్లుగా బ్లౌజ్ పీసులు కోస్తున్నాను. చీర కొంగు కౌంటర్ మీద పరిస్తే చాలు, దాని జోడు ఏ అరలో ఏ తానులో ఉందో చెప్పేస్తాను. నెమలికంఠం రంగు అడిగినవాళ్లకు ఆకుపచ్చ అంటగట్టి పంపే బాపతు కాదు నేను. కానీ అందులో మొదటి మూడేళ్లు ఆ రంగులన్నిటి మధ్యా తెల్లచీరలో నిలబడ్డాను. మెడ బోసి, చెవులు బోసి, నుదురు బోసి. మా సంఘంలో ఆడవాళ్లందరూ అంతే.

మా సంఘం అంటే ఎల్బీనగర్‌లో మెయిన్ రోడ్డుకి రెండు సందుల వెనక, రేకుల షెడ్డులో జరిగే ఆరాధన. నాకు ఏడేళ్లప్పుడు మా నాన్న లారీ నడుపుకుందామని నల్గొండ దగ్గరి మా ఊరు వదిలి మమ్మల్ని పట్నం తెచ్చాడు. ఆయన చేత తాగుడు మానిపించింది సంఘమే, కాబట్టి అమ్మకు సంఘమంటే ప్రాణం. నేను తెల్లచీర కట్టే వయసుకే నియమాలన్నీ ఒంటికి పట్టేశాయి. పూలు లేవు, టీవీ లేదు, పక్కింటివాళ్లు ఇచ్చిన పండగ పిండివంట లేదు. అన్నిటికంటే పెద్దది, మందు లేదు. మాత్ర మింగితే దేవుణ్ణి నమ్మనట్టే. మాత్రలు మింగే మిగతా చర్చీలవాళ్లంతా కూడా మా దృష్టిలో లోకస్థులే.

నాన్నకు కాలి మీద పుండు లేచింది. షుగర్ అని ఇప్పుడు తెలుసు, అప్పుడు పరీక్ష ఎవరు చేయించారు? సంఘ పెద్దలు వచ్చి నూనె రాసి ప్రార్థన చేసేవారు. పుండు పాదం నుంచి పిక్కకి పాకింది. వాసన వచ్చేది. దవాఖానకు తీసుకుపోదామని నేను ఒక్కసారి, ఒక్కసారే అన్నాను. అమ్మ నా నోటి మీద చెయ్యి పెట్టింది. ఆ నెలలోనే నాన్న పోయాడు.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఇంట్లో ఏ మేలు జరిగినా, కీడు జరిగినా, ఆ ఇంటివాళ్లు ఆదివారం అందరి ముందూ నిలబడి సాక్ష్యం చెప్పాలి. నాన్న పోయిన రెండో ఆదివారం నా వంతు. దేవుడు మా నాన్నను సమాధానంగా, అంటే ప్రశాంతంగా, పిలుచుకున్నాడని చెప్పాలి. అప్పుడు మేము సైదాబాద్‌లో ఉండేవాళ్లం. మందిరం ఊడ్చే పని అమ్మది, పొద్దున్నే వెళ్లిపోయింది. నేను ఆ తర్వాత బస్సెక్కాను. ఎల్బీనగర్ వచ్చింది. దిగలేదు. అంతే. పెద్ద తిరుగుబాటేమీ కాదు, కాళ్లు లేవలేదు. బస్సు హయత్‌నగర్ దాకా పోయి ఆగితే డిపో ముందు చాయ్ తాగాను. ఆరాధన వేళకి చాయ్ తాగడం అదే మొదటిసారి. పిడుగు పడుతుందేమోనని ఆకాశం కేసి చూశానంటే నవ్వకండి, నిజంగానే చూశాను.

సంఘం నుంచి బయటపడ్డాక హాయిగా ఉంటుందని ఎవరైనా అంటే వాళ్లని మా షాపుకి పంపండి, నేను మాట్లాడతాను. నా జీతంతో మొదటి రంగు చీర కొనడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. ఊరందరికీ రంగులు చెప్పేదాన్ని, నాకు ఏది నచ్చుతుందో నాకే తెలియదు. మా షాపు యజమానురాలు భీమవరం నుంచి వచ్చినావిడ, ఓపిక తక్కువ. “ఏంటమ్మా నువ్వు! నచ్చింది తీసుకోమంటే ఏడుపు మొహం పెడతావేంటి? ఎవరైనా కొడతారా నిన్ను?” అని చివరికి ఆవిడే ఒక ఆకుపచ్చది నా చేతిలో పెట్టింది. కట్టుకున్న రోజంతా ఎవరో నా వీపు వెనక నిలబడి ఉన్నట్టే అనిపించింది.

ఒక వినాయక చవితికి, షాపులో నాతో పని చేసే బాలాపూర్ అమ్మాయి లడ్డూ ప్రసాదం తెచ్చింది. ఇదివరకు ఇలాంటివి తీసుకుని, దండం పెట్టినట్టు నటించి, చెత్తబుట్టలో వేసేదాన్ని. ఈసారి తిన్నాను. బాగుంది. నెయ్యి ఎక్కువగా ఉంది. ఇంకేమీ కాలేదు, అదే నాకు దిగులైంది. నరకం రాలేదు, సరే, స్వర్గమైనా రావాలి కదా? గుడికి వెళితే ఎటు తిరిగి నిలబడాలో తెలియక ముందు ఆవిడ ఎలా చేస్తే అలా చేసి వచ్చాను. వేరే చర్చికి వెళితే పాట మొదలవగానే లేచి బయటికి వచ్చేశాను. అసలు దేవుడే లేడనుకుందామంటే, ఆ మాట కూడా ఆయనకే చెప్పుకుంటున్నాను. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఏమిటో నన్ను చూసి రాసుకోవచ్చు.

నేను సంఘం విడిచిన కొత్తలోనే అమ్మ ఎల్బీనగర్‌లో మందిరం పక్క సందులో ఒక గది కిరాయికి తీసుకుని వెళ్లిపోయింది. సంఘం విడిచినవాళ్ల ఇంటికి వెళ్లకూడదు, వాళ్లతో కూర్చుని తినకూడదు. అది కూడా నియమమే. కానీ షాపుకి రాకూడదని ఏ పెద్దా చెప్పలేదు. అందుకని నెలకోసారి అమ్మ మా షాపుకి వచ్చేది. నేను కౌంటర్‌కి ఇటు, తను అటు. “మీటర్ తెల్లది ఇయ్యి బిడ్డా” అనేది. నేను తాను విప్పి మెల్లగా, ఎంత మెల్లగా వీలైతే అంత మెల్లగా కొలిచేదాన్ని. ఆ కొలిచేంతసేపే మా తల్లీకూతుళ్ల మాటలు. పన్నెండేళ్లు ఇలాగే గడిచాయి. అమ్మ ట్రంకుపెట్టెలో తెల్ల ముక్కలు ఎన్ని పేరుకున్నాయో ఆ దేవుడికే తెలియాలి.

పోయిన ఏడాది ఒకసారి అమ్మ తను కొన్న ముక్కనే తిరిగి తెచ్చి కౌంటర్ మీద పెట్టింది. “గిది రంగుదంట. సంఘంల అక్కలందరు తిట్టిన్రు. తెల్లదే గద?” అంది.

అది హాఫ్‌వైట్. నేను వేరేవాళ్లకి తీసి పెట్టిన పీసు, అమ్మ తనదనుకుని సంచిలో వేసుకుపోయింది. నేను పక్కన అచ్చమైన తెలుపు పెట్టి, “రెండిట్లో తేడా కనబడుతుందా అమ్మా?” అన్నాను. అమ్మ చాలాసేపు చూసింది. కళ్లు చిట్లించింది. చివరికి చేత్తో తడిమింది. నాకు అప్పుడు అర్థమైంది. వాక్యాలన్నీ కంఠతా వచ్చు కాబట్టి బైబిల్ తెరిచి చదువుతున్నట్టే ఉండేది, ఆమెకు అక్షరం కనబడటం లేదని సంఘంలో ఎవరికీ తెలియలేదు.

“శుక్లాలమ్మా. చిన్న ఆపరేషన్. పొద్దున పోతే మధ్యాహ్నానికి వచ్చేస్తావు.”

“ప్రార్థన చేస్తున్న.”

“నాన్నకు కూడా చేశాం.”

ఆ మాట అనకుండా ఉండాల్సింది. అమ్మ ముక్క అక్కడే వదిలేసి వెళ్లిపోయింది. రెండు నెలలు రాలేదు. వచ్చిన రోజు మాత్రం తెల్లది అడగలేదు. “ఎప్పుడు పోదాం?” అంది.

సంఘంలో ఊరికి పోతున్నానని చెప్పి నా గదికి వచ్చింది. కుడి కన్ను చేశారు. మూడు రోజులు నా దగ్గర ఉంది. మొదటి పూట కంచాలు పెట్టుకుని కూర్చున్నాక ఇద్దరం ఆగిపోయాం. తినే ముందు ప్రార్థన ఎవరు చేయాలి? అమ్మ గొంతులో గొణిగింది. నేను కళ్లు మూసుకోవాలో వద్దో తెలియక ఒకటి మూసి ఒకటి తెరిచి కూర్చున్నాను. కట్టు కట్టిన అమ్మదీ ఒకటే కన్ను. పన్నెండేళ్ల తర్వాత కలిసి తిన్న అన్నం అది. పప్పులో ఉప్పు వేయడం మర్చిపోయాను, అయినా అమ్మ మారు వడ్డించుకుంది.

ఆ తర్వాత జరిగిందే అసలు తంటా. నెలన్నర పోయాక ఒక ఆదివారం ఆరాధనలో వాక్యం చదివే అక్క రాలేదు. పాస్టర్ అయ్యగారు అమ్మను చదవమన్నారు. అమ్మ సంతోషంలో ఒళ్లు మరిచిపోయింది. అద్దాలు లేకుండా, తనకు కంఠతా రాని ఏదో అధ్యాయం, పుస్తకం దూరంగా పట్టుకుని గడగడా చదివేసింది. ఆ హాఫ్‌వైట్ గొడవ తర్వాత, ఆమె కళ్లు మందగించాయని కొందరు ఆడవాళ్లు అప్పటికే కనిపెట్టి ఉన్నారు. ఒకావిడ లేచి “స్వస్థత!” అని అరిచింది. షెడ్డు దద్దరిల్లిందట. దేవుడు చూపు ఇచ్చాడు, వచ్చే ఆదివారం సాక్ష్యం చెప్పాలని అయ్యగారు అక్కడికక్కడే ప్రకటించారు.

మంగళవారం అమ్మ షాపుకి వచ్చింది. చుట్టూ పెళ్లివాళ్ల బేరాలు. నేను ఏదో ఒక తాను విప్పి కొలవడం మొదలుపెట్టాను.

“ఏం జెయ్యాల్నో సమజైతలేదు బిడ్డా. నిజం జెప్తే బయట కూసోబెడ్తరు. ఎవ్వరు మాట్లాడరు. నేను సస్తే మోసేటోళ్లు గూడ రారు.”

నాకు కోపం వచ్చింది. వాళ్ల మీదా, అమ్మ మీదా, నా మీదా. ఇన్నాళ్లూ అమ్మ అక్కడి నుంచి బయటికి రావాలనే కదా నేను కోరుకున్నది? తీరా ఆ రోజు వచ్చాక నాకే భయం వేసింది. బయట ఏముందో నాకు తెలుసు. ఆదివారం పొద్దున గదిలో ఒక్కదాన్నీ కూర్చుని, ఎవరికి దండం పెట్టాలో తెలియక బట్టలు ఉతుక్కోవడం ఉంది. అరవై ఎనిమిదేళ్ల మనిషికి అదా నేను ఇచ్చేది?

“దేవుడే చూపిచ్చాడని చెప్పెయ్ అమ్మా. పూర్తిగా అబద్ధమేం కాదు” అన్నాను.

అమ్మ నన్ను ఎగాదిగా చూసింది. “నువ్వేనా అంటున్నవ్? మీ నాయిన పోయినప్పుడు గసొంటి మాట నోటికి రాకనే గద నువ్వు బస్సు దిగకపోతివి?”

బస్సు సంగతి అమ్మకు తెలుసునని నాకు తెలియదు. నా చేతిలో కత్తెర వంకరపోయింది. కోసింది ఎవరి పీసో కూడా చూడలేదు, యజమానురాలు ఆ రోజంతా నన్ను తిడుతూనే ఉంది. అమ్మ ఎప్పుడు వెళ్లిందో కూడా చూడలేదు.

ఆదివారం నేను మెట్రో ఎక్కి ఎల్బీనగర్‌లో దిగాను. ఎందుకు వెళుతున్నానో అడిగితే చెప్పలేను. అమ్మను ఆపడానికా, పడిపోతే పట్టుకోవడానికా, లేక వాళ్లు అమ్మను వెలివేస్తుంటే చూసి “చెప్పానా” అనుకోవడానికా? మూడూ ఉన్నాయేమో. ఏ చీర కట్టాలా అని గంట ఆలోచించి, ఏదీ తేలక, ముందురోజు పనికి కట్టిన మెరూన్‌దే కట్టుకుని వచ్చాను. మందిరం వెనక చెప్పులు విడిచేచోట నిలబడ్డాను. తెల్లచీరల వీపులన్నీ ఒకేలా ఉన్నాయి. కొత్తగా ఫ్యాన్లు పెట్టించారు. పాట మొదలైతే నా పెదవులు నన్నడక్కుండానే కదిలాయి. నాకు ఏడుపొచ్చింది, అది ప్రేమో అసహ్యమో అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు.

అయ్యగారు పిలిచారు. అమ్మ ముందుకు నడిచి, మైకు పట్టుకోకుండానే నిలబడింది.

“అందరికి వందనాలు. నాకు కన్ను కనవడుతున్నది, అది నిజం. కాని నేను ఊరికి పోలే. దవాఖానకు పోయిన. నా బిడ్డ తోల్కపోయింది, ఆపరేషన్ జేయించింది. నేను నా బిడ్డ ఇంట్ల అన్నం తిన్న. గా డాక్టరమ్మ చేతిల దేవుడున్నడనే అనుకుంటున్న. మీరు తప్పంటే తప్పే.” ఆగింది. ముసుగు సర్దుకుంది. “ఇంగొకటి. మా ఆయన కాలుకు గూడ గిట్లనే తోల్కపోతే బతుకుతుండె. నా బిడ్డ చెప్పింది. నేనే నోరు మూసిన. గది నా పాపం. దేవుడు నన్ను క్షమించాలె.”

మా దగ్గర సాక్ష్యం ఎంత చిన్నదైనా, చంటిపిల్లాడు చెప్పినా సరే, ముగియగానే అందరూ కలిసి ఆమేన్ అంటారు. అది అలవాటు, ఊపిరి లాంటిది. ఆ రోజు ఎవరూ అనలేదు. అయ్యగారు బైబిల్ పేజీలు తిప్పుతున్నారు. ముందు వరసలో ఒకావిడ ముసుగు ఇంకాస్త ముందుకు లాక్కుంది. అమ్మ చేతులు కట్టుకుని అలాగే నిలబడి ఉంది. ఎవరూ ఏమీ అనకపోతే దిగాలో నిలబడాలో ఆమెకు తెలియడం లేదు.

“ఆమేన్” అన్నాను.

గట్టిగానే అన్నాను. చెప్పుల మధ్యలో నిలబడి, మెరూన్ చీరలో, తల మీద ముసుగు లేకుండా. ఎవరితో అన్నానో, అన్నప్పుడు అక్కడ వినేవాడు ఉన్నాడో లేడో నన్నడగకండి, నాకు తెలియదు. తెల్ల ముసుగులన్నీ ఒక్కసారి వెనక్కి తిరిగాయి. అమ్మ తలెత్తి, షెడ్డు ఆ కొస నుంచి, ఆ కంటితో నన్ను చూసి గుర్తుపట్టింది.