ముందే చెప్పిన కృతజ్ఞత

మా ఆయన నాలుక పక్కన పుండు ఎంతకీ మానకపోతే విశాఖలో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. అది క్యాన్సరో కాదో తేలకముందే మా అత్తగారు చోడవరం చర్చిలో లేచి నిలబడి, "నా కొడుక్కి దేవుడు స్వస్థత ఇచ్చేడు. శనివారం మా ఇంట్లో కృతజ్ఞత కూడిక. అందరూ భోజనానికి రండి" అని ప్రకటించేశారు.

ఇంటికొచ్చాక అడిగాను. "రిపోర్టు రాకుండా కృతజ్ఞతేటి అత్తా? పెళ్ళిచూపులు అవకుండానే బారసాలా?"

"ఇచ్చేసేడని నమ్మి ముందే స్తుతించాలే. విశ్వాసమంటే అదే. నీ డిగ్రీలో ఇది సెప్పలేదేటి?"

"లేదు. ఆధారం చూపించమని మాత్రం చెప్పారు."

"నీ నోటికో దండం!"

నేను రావికమతం దగ్గర చెరకు రైతుల ఇంటి పిల్లను. పెళ్ళి కోసం బాప్తిస్మం తీసుకున్నాను. ఆదివారం చర్చికెళ్ళి, ప్రసంగంలో తప్పులు పట్టుకుని, ఇంటికొచ్చి కూర వండుకునే రకం. నమ్ముతున్నావా అంటే చెప్పలేను. నమ్మట్లేదా అంటే ఒప్పుకోను.

శనివారం పొద్దున్న వాకిట్లో షామియానా వేశారు. గుండిగలో పలావు ఉడుకుతుండగా డాక్టరు ఫోన్ చేశారు. తీసిన ముక్క చాల్లేదట, ఏదీ తేలలేదట, సోమవారం మళ్ళీ తీయాలట. మంచి కబురైతే సంతోషించేదాన్ని. చెడ్డదైతే ఏడ్చేదాన్ని. ఈ కబురుతో ఏం చెయ్యాలో నాకు తోచలేదు. మా ఆయనకి చెబితే, గుండిగ వైపు చూసి, "పలావులో ఉప్పు సూడు. నాకు నోరు మంట" అన్నారు.

పాటలయ్యాయి. పాస్టరయ్యగారు వాక్యం చెప్పారు. తరవాత ఇంటివాళ్ళు సాక్ష్యం చెప్పడం ఆనవాయితీ. అత్తగారు నన్ను మోచేత్తో పొడిచారు. ఉన్నమాట చెప్పి ఈ తంతు ఆపేద్దామనే లేచాను.

"రిపోర్టు తేలలేదు."

"స్తోత్రం!" అన్నారు ఆడవాళ్ళంతా. సాక్ష్యం చెప్పేవాళ్ళ మాట ఎక్కడ ఆగితే అక్కడ స్తోత్రం అనడం వాళ్ళకి అలవాటు.

"స్తోత్రం కాదు. తేలలేదంటున్నాను."

"ఆమేన్!"

ఒళ్ళు మండిపోయింది. వాళ్ళని వదిలేసి తల పైకెత్తాను. పైన షామియానా గుడ్డ తప్ప ఏమీ లేదు.

"ఏటయ్యా నువ్వు? ఉంచుతావో తీసుకుపోతావో ఒక్క మాట చెప్పలేవా? పలావు తినడానికి ఇంతమందిని పంపేవు గానీ, ఆ మాట పంపడానికి నీకు తీరిక లేదా? నాకు భయమేస్తంది. ఈయన లేపోతే నేనెవరితో దెబ్బలాడాలి?"

ఈసారి స్తోత్రమూ రాలేదు, ఆమేనూ రాలేదు. అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. వెనక నుంచి ఒక ముసలావిడ, "అవును ప్రభువా" అంది, ఆ ప్రశ్న తనదే అయినట్టు.

భోజనాల దగ్గర పాస్టరయ్యగారు, "మంచి ప్రార్థన చేసేవమ్మా" అన్నారు.

"ప్రార్థన కాదండీ. తిట్టాను."

"ఎవరిని?"

ఆ ప్రశ్న పట్టుకునే పలావు వడ్డించాను. ఎవరూ లేరనుకుంటే ఎవరిని తిట్టినట్టు? ఉన్నాడనుకుంటే, అంతమందిలో అంత మాట అనేసి, ఇంత తేలికగా ఎలా ఉన్నాను? తేలిక అంటే ధైర్యం కూడా కాదు. భయం ఎక్కడిదక్కడే ఉంది. ఒక్కదాన్నే మోస్తున్నట్టు మాత్రం లేదు.

సోమవారం ఆసుపత్రి బల్ల మీద కూర్చున్నాం. లోపలికి పిలిచేలోగా ఆయన, "ఒక ప్రార్థన సెయ్యవే" అన్నారు.

"నాకు రాదు. మొన్నటిదొక్కటే వచ్చు."

"అదే సెయ్యి."

కళ్ళు మూసుకున్నాను. "చూడు ప్రభువా..." అన్నానో లేదో, "ఆమేన్" అనేశారు.

"నేనింకా ఏమీ అడగందే ఆమేనేటండీ?"

"ముందే అనేస్తన్నాను. మా అమ్మ సెప్పినట్టు."

నర్సు పిలిచింది. ఆయన లేచి, పుండున్న వైపు బుగ్గ చేత్తో పట్టుకుని, లోపలికి వెళ్ళారు. నేను అడగాల్సింది ఇంకా పూర్తి కాలేదు. మళ్ళీ మొదలుపెట్టాను.