గుండె కాదు, గుండు

మా బాబాయిది అక్షరాలు అదిమే పని. ఫుట్‌బాల్ క్లబ్బు దుకాణం వెనకగదిలో, వేడి యంత్రం ముందు కూర్చుని అభిమానుల చొక్కాల మీద రబ్బరు అక్షరాలు అతికిస్తాడు. ముందుగదిలో పిన్ని అమ్ముతుంది, నేను మడతలు పెడతాను. పిన్నికి ఆట ఒక్క ముక్క అర్థం కాదు. ఎవరు గెలిచారో అమ్మకాన్ని బట్టి చెబుతుంది.

కొత్త మేనేజరు గోల్‌కీపరు పేరిట ‘మా గుండె నువ్వే’ అని వేయమన్నాడు. బాబాయి ‘డె’ పెట్టెకు బదులు ‘డు’ పెట్టెలో చెయ్యి పెట్టాడు. చొక్కాలన్నీ ‘మా గుండు నువ్వే’ అని తయారయ్యాయి. గోల్‌కీపరు నెత్తిన వెంట్రుక మొలవదని ఊరంతటికీ తెలుసు.

మేనేజరు చిందులు తొక్కుతూ వచ్చేసరికి సరుకు ఖాళీ. జనం ఎగబడి కొన్నారు. గోల్‌కీపరు కూడా ఒకటి పట్టుకెళ్లాడు. మేనేజరు గొంతు సవరించుకుని, “అచ్చం ఇలాగే ఇంకో విడత వేయండి” అన్నాడు.

ఆ విడత విప్పి చూశాను. ప్రతి చొక్కా మీదా ఒక్క తప్పు లేకుండా ‘మా గుండె నువ్వే’.

నాకు ఒళ్లు మండింది. “వేళాకోళమా బాబాయ్? తప్పు వేయమంటే ఒప్పు వేస్తావేంటి?”

పిన్ని ఒక చొక్కా తీసి ఆయన ముందు పట్టుకుంది. “ఏముందో చదువు.”

“గుండు” అన్నాడు బాబాయి ధీమాగా.

పిన్ని స్టూలు మీద కూలబడింది. “ఎప్పట్నుంచి కనబడట్లేదు?”

“మసగ్గా కనబడుతోందిలే. క్లబ్బు వాళ్లకి తెలిస్తే యంత్రం ముట్టుకోనివ్వరు. ఇంట్లో కూర్చుని ఏం చెయ్యను?”

“వాళ్ల సంగతి సరే. కట్టుకున్నదాన్ని, నాక్కూడా చెప్పవా?” అని పిన్ని ఏడ్చింది. ఏడుస్తూనే నోటికొచ్చినట్టు తిట్టింది. అనవసరంగా నోరు జారానని నాకు సిగ్గేసింది.

మర్నాటి నుంచి నేను అమ్మకానికి, పిన్ని వెనకగదికి. ఆమె అక్షరం అందిస్తుంది, ఆయన వేళ్లతో తడిమి సరిచూసి అదుముతాడు. ఒకరోజు మేనేజరు గుమ్మంలో నిలబడి, “ఒక్కడి పనికి ఇద్దరెందుకమ్మా?” అన్నాడు.

“మా ఆయనకి చదువు రాదండి. అక్షరం ముక్క తెలీదు” అంది పిన్ని, తడుముకోకుండా.

ఆ వీధిలో దుకాణాల బోర్డులు చాలావరకు ఒకప్పుడు బాబాయి కుంచెతో రాసినవే. క్లబ్బు గేటు మీది పేరు కూడా. మేనేజరు ఆయన వంక చూశాడు.

“అవునండి” అన్నాడు బాబాయి. “చిన్నప్పుడు బడి ఎగ్గొట్టాను.”